సర్దిన ఫోల్డర్ చెదిరిపోతోందా?

మా వీధి మొదట్లో ఒక ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఆ కుర్రాడికి నిద్ర ఉండదు. ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వేల ఫొటోలు. పెళ్లివారి ఇంటిపేరుతో ఒక ఫోల్డర్ చేసి, దాని లోపల స్నాతకం, గౌరీపూజ, జీలకర్రబెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ చిన్న ఫోల్డర్లు చేసి సర్దుకుంటాడు. ఆల్బమ్‌కి ఏ ఫొటో పనికొస్తుందో ఎంచాలంటే బొమ్మలు పెద్దవిగా కనబడాలి, తీసిన వరుసలోనే ఉండాలి. మొన్న మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే పిలిచాడు.

"అన్నా, రాత్రి ఫోల్డర్లన్నీ పెద్ద బొమ్మల్లో పెట్టుకుని పడుకున్నా. పొద్దున తెరిస్తే మళ్లీ వట్టి పేర్ల జాబితా. రోజూ ఇదే వరస. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలంటున్నారు. సీజన్ మధ్యలో ఎలా కొట్టించను?"

ఫార్మాట్ అవసరం పడలేదు. రెండు చిన్న కారణాలు దొరికాయి, రెండూ ఆ పూటే సర్దుకున్నాయి. అవేమిటో చెప్పే ముందు, కంప్యూటర్ ఈ సంగతులను ఎక్కడ రాసుకుంటుందో తెలుసుకోవాలి. అది తెలిస్తే మీ ఇంట్లో కంప్యూటర్ ఎందుకు మరచిపోతోందో మీరే పట్టుకోగలరు. నేను చెప్పేది విండోస్ గురించి. మన ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది అదే కాబట్టి.

కిరాణా కొట్లో అప్పుల పుస్తకం చూసే ఉంటారు. మొదటి రెండు మూడు పేజీల్లో పేర్లు, వాటి పక్కన పేజీ నంబర్లు. ఫలానా వారి ఖాతా 43వ పేజీ అని అక్కడ చూసుకుని, ఆ పేజీ తిప్పితే అసలు లెక్క ఉంటుంది. విండోస్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. రిజిస్ట్రీ అని దానికో పెద్ద పద్దుల పుస్తకం ఉంది. మనం ఏ సెట్టింగ్ మార్చినా దాదాపు అంతా అందులోకే వెళుతుంది. ఫోల్డర్ల రూపం కోసం అందులో రెండు భాగాలు కేటాయించారు. మొదటిదాని పేరు బ్యాగ్‌ఎంఆర్‌యూ. ఇది పేర్ల పట్టిక. మీరు ఇంతవరకూ తెరిచిన ఫోల్డర్లన్నీ, ఏది దేని లోపల ఉందో ఆ వరుసలోనే ఇక్కడ ఉంటాయి. ఒక్కోదానికి నోడ్‌స్లాట్ అనే నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని రెండో భాగానికి, అంటే బ్యాగ్స్‌కి వెళితే అసలు వివరాలు దొరుకుతాయి. బొమ్మలా, జాబితాయా? ఏ నిలువు వరుస ఎంత వెడల్పు? పేరు ప్రకారం పేర్చాలా, తేదీ ప్రకారమా? గుంపులు కట్టాలా, వద్దా? బొమ్మ సైజును కూడా అంకెల్లోనే రాసుకుంటుంది. అతి పెద్ద బొమ్మ అయితే 256, పెద్దది 96, మధ్యరకం 48, చిన్నది 16. స్టూడియోలో రిజిస్ట్రీ తెరిచి తలంబ్రాల ఫోల్డర్ తాలూకు పేజీ చూపించి, "ఇదిగో, ఇక్కడ 96 అని ఉంది, రాత్రి నువ్వు పెట్టింది ఇదే" అంటే ఆ కుర్రాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అంటే కంప్యూటర్ రాసుకుంది. రాసుకున్నది పొద్దున చదవలేదు. ఎందుకు?

ఇక్కడే మొదటి కారణం దొరికింది. ఫొటోలున్నది బయట తగిలించే హార్డ్ డిస్క్‌లో. రాత్రి దాన్ని తగిలించినప్పుడు విండోస్ దానికి ఈ అనే అక్షరం ఇచ్చింది. పొద్దున కెమెరా కార్డు ముందు పెట్టి, తర్వాత డిస్క్ పెట్టాడు. కార్డుకు ఈ వెళ్లిపోయింది, డిస్క్‌కు ఎఫ్ వచ్చింది. మనకు అది అదే డిస్క్, అదే ఫోల్డర్. విండోస్ పట్టికలో మాత్రం ఫోల్డర్ ఉండేది దారి పేరుతో. 'ఈ' డ్రైవ్‌లోని తలంబ్రాలు ఒక ఖాతా, ఎఫ్ డ్రైవ్‌లోని తలంబ్రాలు మరో ఖాతా. కొత్త ఖాతాలో ఏమీ రాసి లేదు కాబట్టి, దాన్ని బొమ్మల ఫోల్డర్‌గా గుర్తించక మామూలు జాబితా రూపంలో చూపించింది. మరో రోజు డిస్క్‌కు మళ్లీ 'ఈ' అక్షరం వస్తే, మళ్లీ పెద్ద బొమ్మలు వస్తాయి. "ఒక్కోసారి దానంతటదే బాగవుతోందన్నా" అని అతను అంతకు ముందు చెప్పిన మాటకు అర్థం అదే.

దీనికి మందు డిస్క్‌కు స్థిరమైన అక్షరం ఇవ్వడం. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అది తెరిచి, కింద కనిపించే డిస్కుల్లో మీ బయటి డిస్క్ మీద కుడి మీట నొక్కి, డ్రైవ్ అక్షరం మార్చే ఆప్షన్ ఎంచుకుని, ఇంగ్లిషు వర్ణమాలలో చివరి వైపు అక్షరం ఒకటి ఇవ్వండి. పీ అనో, ఆర్ అనో. కార్డులకూ పెన్‌డ్రైవ్‌లకూ విండోస్ మొదటి ఖాళీ అక్షరం నుంచి ఇచ్చుకుంటూ వస్తుంది కాబట్టి అంత దూరం సాధారణంగా రాదు. ఆ కంప్యూటర్‌కు ఎప్పుడు తగిలించినా డిస్క్‌కు అదే అక్షరం వస్తుంది. ఒక జాగ్రత్త: ఆ కిటికీలోనే ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ అనే మాటలు కూడా ఉంటాయి. వాటి జోలికి పోవద్దు. సి డ్రైవ్ అక్షరం అసలు ముట్టుకోవద్దు.

ఈ "రెండు దారులు, రెండు ఖాతాలు" అనే చిక్కు బయటి డిస్కులతోనే కాదు, లోపల కూడా వస్తుంది. ఎడమ పక్క కనిపించే డాక్యుమెంట్స్ మీద నొక్కి వెళ్లడం ఒక దారి. సి డ్రైవ్ తెరిచి, యూజర్స్ లోపలికి, మీ పేరున్న ఫోల్డర్ లోపలికి, అక్కడి నుంచి డాక్యుమెంట్స్‌కి వెళ్లడం ఇంకో దారి. చేరేది ఒకే చోటికి. రూపం మాత్రం వేరువేరుగా గుర్తుంటుంది. అలాగే వర్డ్‌లోనో ఫొటోషాప్‌లోనో ఫైల్ తెరవబోతే వచ్చే చిన్న కిటికీకి కూడా వేరే ఖాతా ఉంది. మామూలుగా ఫోల్డర్లు తెరిచే ఎక్స్‌ప్లోరర్‌లో ఎంత చక్కగా సర్దినా ఆ కిటికీలో వేరుగా కనిపిస్తుంది. దాన్ని ఆ కిటికీలోనే ఒకసారి సర్దాలి. మరచిపోతోందని నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బు ఇదే. అలవాటుగా ఒకే దారిలో వెళ్లండి, సగం ఫిర్యాదులు తీరతాయి.

స్టూడియోలో రెండో కారణం ఉచితంగా దించుకున్న ఒక క్లీనర్. వారానికోసారి దాన్ని నడిపేవాడు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చెత్తతో పాటు పాత జాబితాలు, ఈమధ్య తెరిచిన వాటి గుర్తులు అంటూ రిజిస్ట్రీలో కొన్నిటిని తుడిచేస్తాయి. బ్యాగ్‌ఎంఆర్‌యూ పేరు చివర ఉన్న ఎంఆర్‌యూ అంటేనే ఇటీవల వాడినవి అని అర్థం. క్లీనర్ దృష్టిలో అది కూడా చెత్తే. అప్పుల పుస్తకంలో మొదటి పేజీలు చించేశాక లోపలి లెక్కలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆ క్లీనర్ తెరిచి చూస్తే, ఎక్స్‌ప్లోరర్ తాలూకు గుర్తులు తుడిచే గళ్లలో టిక్కులు పెట్టి ఉన్నాయి. తీసేశాం. నా మటుకు నేను రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్ ఏదీ వాడను, వాడమని ఎవరికీ చెప్పను. దాంతో కంప్యూటర్ వేగం పెరగడం నేను చూడలేదు, ఇలాంటి నష్టాలు మాత్రం చూశాను.

అయితే ఆ తుడవడం వెనక ఒక కారణం లేకపోలేదు. ఈ పట్టికలో మీరు తెరిచిన ఫోల్డర్ల పేర్లు, ఆ ఫోల్డర్ తీసేసిన తర్వాత కూడా, ఆ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లిపోయిన తర్వాత కూడా మిగిలిపోతాయి. కంప్యూటర్ నేరాల దర్యాప్తులో నిపుణులు ఈ గుర్తులను ప్రత్యేకంగా వెతుకుతారు. వాళ్ల భాషలో వీటిని షెల్‌బ్యాగ్స్ అంటారు. తన దగ్గర అలాంటి ఫోల్డర్ ఎప్పుడూ లేదని ఒకరు చెబితే, దాన్ని తెరిచినట్టు కంప్యూటరే సాక్ష్యం చెప్పగలదు. నలుగురు వాడే కంప్యూటర్‌లో వీటిని తుడవాలనుకుంటే అది న్యాయమైన కోరికే. కానీ తుడిస్తే రూపం కూడా పోతుందని తెలిసి తుడవాలి.

ఇక మూడో రకం చిక్కు. ఇది స్టూడియోలో లేదు, కానీ ఇళ్లలో ఎక్కువ. విండోస్ ప్రతి ఫోల్డర్‌నూ లోపల ఏముందో చూసి ఒక రకంగా లెక్కేసుకుంటుంది. మొత్తం ఐదు రకాలు: మామూలువి, డాక్యుమెంట్లు, బొమ్మలు, పాటలు, వీడియోలు. ఒక్కో రకానికి ఒక్కో అచ్చు. బొమ్మల రకమైతే పెద్ద బొమ్మలు. పాటల రకమైతే పాట పేరు, పాడినవారు, ఆల్బమ్ అనే వరుసలు. మా బంధువుల్లో ఒక టీచరు తన పాఠాలు ఫోన్‌లో రికార్డు చేసి, ఆ ఆడియోలూ నోట్సు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. ఆడియోలు ఎక్కువయ్యేసరికి విండోస్ దాన్ని పాటల ఫోల్డర్ అనుకుంది. తేదీ వరుస మాయమై, ఆల్బమ్ అనే ఖాళీ వరుస వచ్చి కూర్చుంది. "నేనేమీ మార్చలేదు బాబాయ్" అంటుంది. నిజమే, ఆమె మార్చలేదు. విండోస్ తన ఊహ మార్చుకుంది.

ఆ ఊహను మనం ఖరారు చేయవచ్చు. ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. పైన కస్టమైజ్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో ఈ ఫోల్డర్ దేనికి అనువుగా ఉండాలి అని అడిగే చోట జనరల్ ఐటమ్స్ ఎంచుకోండి. లోపలి ఫోల్డర్లకూ ఇదే వర్తించాలంటే కింద ఉన్న గడిలో టిక్కు పెట్టి ఓకే నొక్కండి. ఈ ఎంపికను విండోస్ ఆ ఫోల్డర్ లోపలే, డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ అనే కంటికి కనబడని చిన్న ఫైల్‌లో రాసిపెడుతుంది. ఎక్కడైనా ఆ పేరుతో మసకగా ఒక ఫైల్ కనబడితే వైరస్ అని కంగారుపడి తీసేయకండి.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు ఈ మందు మరీ అవసరం. వాట్సాప్ ఫొటోలు, పీడీఎఫ్‌లు, సినిమాలు, సెటప్ ఫైళ్లు అన్నీ అందులోనే పడతాయి. అది బొమ్మల రకంగా ఉండిపోతే, తెరిచిన ప్రతిసారీ ప్రతి ఫైల్ నుంచీ ఫొటో వివరాలు వెతుకుతూ కూర్చుంటుంది. పైన పచ్చని గీత మెల్లగా పాకుతూ ఉంటుంది. కంప్యూటర్ ముసలిదైపోయిందని కొత్తది కొందామనుకున్న ఒకాయనకు నేను చేసింది డౌన్‌లోడ్స్‌ను జనరల్ ఐటమ్స్‌కు మార్చడం ఒక్కటే. తక్షణం తెరుచుకుంది. డౌన్‌లోడ్స్‌లో నిన్నటివి, పోయిన వారానివి అంటూ గుంపులు కనిపించడం ఇంకొక ఫిర్యాదు. 2019 మే నెల నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్నే మామూలు రూపంగా చేసింది. మీ కంప్యూటర్ ఏదీ మరవలేదు. ఫోల్డర్‌లో ఖాళీ చోట కుడి మీట నొక్కి, గ్రూప్ బై దగ్గర నన్ ఎంచుకుంటే గుంపులు పోతాయి.

అన్ని ఫోల్డర్లూ ఒకేలా ఉండాలంటే? ఒక ఫోల్డర్‌ను మీకు నచ్చినట్టు సర్దండి. విండోస్ 11లో అయితే పైన ఉన్న మూడు చుక్కల మీద, విండోస్ 10లో అయితే వ్యూ ట్యాబ్‌లో, ఆప్షన్స్ ఉంటుంది. అందులో వ్యూ అనే ట్యాబ్‌కు వెళితే అప్లై టు ఫోల్డర్స్ అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే అన్ని ఫోల్డర్లూ మారిపోతాయని చాలామంది అనుకుంటారు. మారవు. మీరు తెరిచిన ఫోల్డర్ ఏ రకమో ఆ రకానివి మాత్రమే మారతాయి. డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో ఉండి నొక్కితే పాటల ఫోల్డర్లు అలాగే ఉంటాయి. అందుకని ఒక్కో రకం ఫోల్డర్ తెరిచి, సర్ది, అదే బటన్ మళ్లీ నొక్కాలి. ఐదుసార్లు చేయాల్సిన పనిని ఒక్కసారి చేసి, పని చేయడం లేదని వదిలేస్తారు. ఆ బటన్ పేరు వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, తప్పు వాడేవాళ్లది కాదు.

ఇవి కాక, అసలు రాసుకోకపోవడం అనే చిక్కు ఉంది. విండోస్ ఫోల్డర్ రూపాన్ని రాసుకునేది మీరు ఆ కిటికీ మూసినప్పుడు, లేదా అందులోంచి మరో ఫోల్డర్‌కు వెళ్లినప్పుడు. తెరిచి ఉండగానే కరెంటు పోతే రాసుకునే అవకాశం దానికి లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లకు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసే అలవాటున్న ఇళ్లకు ఇది వర్తిస్తుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోల్డర్ రూపం మార్చి, కిటికీ మూసి, వెంటనే మళ్లీ తెరవండి. మార్పు నిలిచిందా? నిలిస్తే రాసుకోవడం సరిగానే ఉంది. ఆ తర్వాత కంప్యూటర్‌ను పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. అప్పుడు పోతే, మధ్యలో ఎవరో తుడుస్తున్నారన్నమాట. మొదటి పరీక్షలోనే పోతే పుస్తకమే పాడైంది, లేదా రాయడానికి అనుమతి లేదు.

అనుమతి లేకపోవడం ఆఫీసు కంప్యూటర్లలో ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు సెట్టింగులు దాచవద్దు అని అడ్మిన్ ఒక నియమం పెట్టవచ్చు. కాలేజీ ల్యాబుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో అయితే రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ పాత స్థితికి వెళ్లేలా కావాలనే అమరుస్తారు. అక్కడ మనం చేయగలిగింది లేదు.

అంతకంటే ప్రమాదకరమైనది ఒకటి ఉంది. దయచేసి ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. ఒక్కోసారి విండోస్ మీ ఖాతా ఫైళ్లను తెరవలేక, తాత్కాలిక ఖాతా ఒకటి సృష్టించి అందులోకి పంపుతుంది. డెస్క్‌టాప్ మీద మీరు పెట్టుకున్నవి కనిపించవు, గోడబొమ్మ మారిపోతుంది, తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని మూలన ఒక సందేశం వచ్చి పోతుంది. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే అక్కడ టెంప్ అనే పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అలాంటప్పుడు ఫోల్డర్ రూపాలే కాదు, ఆ పూట మీరు డెస్క్‌టాప్ మీదో డాక్యుమెంట్స్‌లోనో దాచిన ఫైళ్లు కూడా సైన్ అవుట్ అయ్యేసరికి మాయమవుతాయి. ఆ పూట ఏదైనా పని చేసి ఉంటే వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకోండి. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే డిస్క్ పాడవుతోందేమో చూపించండి. మీ పాత ఫైళ్లు సాధారణంగా యూజర్స్‌లో మీ పేరున్న ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి.

ఇవేవీ కాకుండా మొదటి పరీక్షలోనే రూపం చెదిరిపోతుంటే, పట్టిక పాడై ఉండవచ్చు, లేదా నిండిపోయి ఉండవచ్చు. అవును, దానికి ఒక పరిమితి ఉంది. విండోస్ ఎక్స్‌పీ తొలి రోజుల్లో 400 ఫోల్డర్లు మాత్రమే గుర్తుండేవి. విస్టా నుంచి 5000. ఐదు వేలు ఎవరికి నిండుతాయి అనిపిస్తుంది. స్టూడియో లెక్క చూడండి: ఏడాదికి నలభై పెళ్లిళ్లు, పెళ్లికి ఎనిమిది ఫోల్డర్లు, అంటే 320. అవి రెండు అక్షరాల కింద రెండుసార్లు రాసుకుంటే 640. వాటి పైన పుట్టినరోజులు, ఓణీల వేడుకలు, తెరిచిన ప్రతి కస్టమర్ పెన్‌డ్రైవ్. ఏడెనిమిదేళ్లు ఒకే కంప్యూటర్ వాడితే నిండకుండా ఎలా ఉంటుంది?

అప్పుడు పాత పట్టిక తీసేసి కొత్తది మొదలుపెట్టాలి. ఇది రిజిస్ట్రీలో చేయి పెట్టే పని. చేయి వణికేవాళ్లు తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. స్టార్ట్‌లో రిజిస్ట్రీ ఎడిటర్ అని ఇంగ్లిషులో వెతికి తెరవండి. ఎడమ పక్క హెచ్‌కీ కరెంట్ యూజర్, దాని లోపల సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, మళ్లీ సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్. సాఫ్ట్‌వేర్ అనే పేరు దారిలో రెండుసార్లు వస్తుంది, పొరబడకండి. షెల్ కింద బ్యాగ్‌ఎంఆర్‌యూ, బ్యాగ్స్ పక్కపక్కనే ఉంటాయి.

ఏదీ తీసేయకముందే షెల్ మీద కుడి మీట నొక్కి, ఎక్స్‌పోర్ట్ ఎంచుకుని, తేదీ పేరుగా పెట్టి ఒక ఫైల్‌గా దాచండి. ఏదైనా తేడా చేస్తే ఆ ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే పాత వివరాలు తిరిగి వస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవస్థ రాకుండా ఈ ఒక్క నిమిషం ఖర్చు పెట్టండి. తర్వాత బ్యాగ్‌ఎంఆర్‌యూ, బ్యాగ్స్ రెండూ డిలీట్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. అన్ని ఫోల్డర్లూ కొత్త కంప్యూటర్‌లో ఉన్నట్టు మామూలు రూపంలో వస్తాయి. డెస్క్‌టాప్ మీద మీరు పేర్చుకున్న గుర్తులు సాధారణంగా చెదరవు, ఎందుకంటే వాటి స్థానాలు రిజిస్ట్రీలో వేరే చోట ఉంటాయి. ఫైళ్లకు ఏమీ కాదు. తీసేసింది వాటి రూపం తాలూకు లెక్కలు మాత్రమే, ఒక్క ఫొటో కూడా కదలదు.

పరిమితి పెంచాలనుకుంటే అదే షెల్ మీద నొక్కినప్పుడు కుడి పక్క బ్యాగ్‌ఎంఆర్‌యూ సైజ్ అనే విలువ ఉంటుంది. లేకపోతే డీవర్డ్ 32 బిట్ రకంగా ఆ పేరుతో కొత్తది చేయాలి. దాన్ని తెరిచి ముందు డెసిమల్ అనే చుక్క ఎంచుకుని, తర్వాత 10000 అని కొట్టండి. ఆ చుక్క మరిస్తే మీరు కొట్టిన పది వేలను విండోస్ వేరే లెక్కలో అరవై అయిదు వేలకు పైగా చదువుకుంటుంది. అలాగే మామూలుగా 5000 ఉండాల్సిన చోట 1388 అని కనబడితే కంగారు అక్కర్లేదు. రెండూ ఒకటే, లెక్కించే పద్ధతి వేరు.

ఇంత చేసినా నిలవకపోతే కంప్యూటర్‌లో కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, అందులోకి వెళ్లి అదే పరీక్ష చేయండి. అక్కడ గుర్తుంటే చిక్కు మీ ఖాతాలోనే ఉంది, ఫైళ్లు కొత్త ఖాతాలోకి మార్చుకుంటే చాలు. అక్కడా గుర్తుండకపోతే అప్పుడు విండోస్‌నే సరిచేసుకోవాలి.

మ్యాక్ వాడేవాళ్ల సంగతి ఒక్కమాటలో చెబుతాను, ఎందుకంటే వాళ్ల పెన్‌డ్రైవ్ మన దగ్గరికి వచ్చినప్పుడు ఒక వింత ఫైల్ కనబడుతుంది. యాపిల్ వాళ్లది వేరే పద్ధతి. ఒకే పుస్తకంలో రాయకుండా ప్రతి ఫోల్డర్ లోపలా ఒక చీటీ పెట్టేస్తుంది. దాని పేరు డాట్ డీఎస్ స్టోర్. విండోస్‌లో అది కనబడితే నిరభ్యంతరంగా తీసేయవచ్చు. మన ఫైళ్లతో దానికి సంబంధం లేదు.

నిజానికి నేను స్టూడియో కుర్రాడికి అన్నిటికంటే గట్టిగా చెప్పింది సెట్టింగుల గురించి కాదు. కంప్యూటర్ గుర్తుంచుకున్నా లేకున్నా చెదరని వరుస ఒకటుంది, అది పేరులోనే ఉండే వరుస. స్నాతకం అని ఊరికే రాయకుండా 01 స్నాతకం, 02 గౌరీపూజ, 03 జీలకర్రబెల్లం అని పెడితే ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ అక్షరం వచ్చినా పెళ్లి జరిగిన క్రమంలోనే ఉంటాయి. అంకె లేకపోతే తెలుగు పేర్లు అకారాది క్రమంలో సర్దుకుంటాయి, అప్పగింతలు అన్నిటికంటే ముందు వచ్చి కూర్చుంటుంది. తేదీ పెట్టాలనుకుంటే ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర. 2025-02-14 అన్నట్టు. అప్పుడు పేరు వరుసే తేదీ వరుస అవుతుంది.

వేళ్ల దగ్గర ఉండే రెండు కిటుకులు కూడా నేర్చుకున్నాడు. కంట్రోల్, షిఫ్ట్ కలిపి పట్టి 2 నొక్కితే పెద్ద బొమ్మలు, 6 నొక్కితే వివరాల జాబితా. 1 నుంచి 8 వరకు ఒక్కో అంకెకు ఒక్కో రూపం. రెండోది ఒక హెచ్చరిక లాంటిది. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే రూపం మారిపోతుంది. ఫొటోలు ఒక్కొక్కటిగా ఎంచేటప్పుడు వేలు కంట్రోల్ మీదే ఉంటుంది, చక్రం తిప్పుతూ కిందికి పోతాం. పెద్ద బొమ్మలు చిన్నవైపోతాయి, కంప్యూటర్ దానంతటదే మార్చిందనుకుంటాం. అతను ఎంచుతుండగా పక్కన కూర్చుని చూస్తే పావుగంటలో రెండుసార్లు అలా జరిగింది.

ఇప్పుడు అతని డిస్క్ అక్షరం పీ. క్లీనర్‌లో ఆ టిక్కులు లేవు. ఫాల్గుణమంతా పెళ్లిళ్లు తీశాడు, తలంబ్రాల ఫోల్డర్ పెద్ద బొమ్మలతోనే తెరుచుకుంటోంది.

మీ కంప్యూటర్ కూడా ఇలాగే చేస్తుంటే, ఫార్మాట్ అన్న మాటకు తల ఊపకండి. ఫార్మాట్ కొడితే వేసుకున్న తెలుగు ఫాంట్లు, కీబోర్డు అమరికలు, ప్రింటర్ సెట్టింగులు, ఏళ్ల తరబడి దాచుకున్న పాస్‌వర్డులు అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ముందు డ్రైవ్ అక్షరం చూడండి, తర్వాత ఫోల్డర్ రకం, తర్వాత క్లీనర్. రిజిస్ట్రీ దాకా వెళ్లాల్సి వస్తే, ఎక్స్‌పోర్ట్ చేసిన ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకున్నాకే డిలీట్ నొక్కండి.